అందరూ పోయే కథలో నాలుగు గంటలు

పసుపు మనకి శుభం. గడపకి రాస్తాం, పెళ్లి కార్డు మూలలకి పెడతాం. స్వీడన్ వాళ్లు మాత్రం లోకం అంతమైపోయే ఆట ఒకటి తయారు చేసి, ఆ పుస్తకానికి నిండు పసుపు అట్ట వేశారు. ఆట పేరు మోర్క్ బోర్గ్. అంటే 'చీకటి కోట'. పెల్లె నిల్సన్ రాశాడు, యోహాన్ నోర్ బొమ్మలు గీసి పేజీలు డిజైన్ చేశాడు. ఇంగ్లిష్ పుస్తకం 2020లో ఫ్రీ లీగ్ అనే స్వీడిష్ కంపెనీ నుంచి వచ్చింది. టేబుల్‌టాప్ ఆటలకి ఇచ్చే ఎన్నీ అవార్డుల్లో అదే ఏడాది 'ప్రొడక్ట్ ఆఫ్ ది ఇయర్' కొట్టేసింది.

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ అంటే ఏంటో కొత్తవాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. 'స్ట్రేంజర్ థింగ్స్'లో పిల్లలు బేస్‌మెంట్‌లో కూర్చుని ఆడేది గుర్తుందా? అదే. ఒకరు గేమ్ మాస్టర్, అంటే కథ నడిపే మనిషి. మిగతావాళ్లు తలో పాత్ర. 'ఇప్పుడేం చేస్తావు?' అని జీఎం అడుగుతాడు, మనం చెప్తాం, అది కుదిరిందో లేదో పాచిక చెప్తుంది. స్క్రీన్ లేదు, కంట్రోలర్ లేదు. బుర్రకథలో కథకుడి పక్కన వంతలు ఉంటారు కదా, ఆ వంతలకి కథని మలుపు తిప్పే హక్కు కూడా ఇచ్చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చింది. అందులో మన క్యారెక్టర్ మెల్లగా ఎదుగుతాడు, లెవెల్స్ పెరుగుతాయి, చివరికి డ్రాగన్‌ని కొడతాడు. డార్క్ ఫాంటసీ ఆటలు దీన్ని తిరగేస్తాయి. మోర్క్ బోర్గ్‌లో హీరోలే ఉండరు. సైన్యం నుంచి పారిపోయినవాడు, మురికి కాలవ పక్కన పుట్టి పెరిగినవాడు, మతం వెలేసిన పూజారి, అన్నీ పోగొట్టుకున్న రాజుగారి బిడ్డ, ఇలాంటి బాపతే. ఎదగడానికి టైమ్ కూడా లేదు. ఆటలోనే ఒక క్యాలెండర్ ఉంటుంది. ప్రతి తెల్లవారుజామునా జీఎం ఒక డైస్ వేస్తాడు. 1 పడిందా, లోకానికి ఒక అరిష్టం. అలా ఏడో అరిష్టం వచ్చిన రోజు లోకం ఖతం, ఆట కూడా ఖతం. ఆట ఎన్నాళ్లు సాగాలో ముందే అనుకుని దానికి తగ్గ డైస్ ఎంచుకుంటారు. వంద ముఖాల డైస్ అయితే ఏళ్లు పట్టొచ్చు. రెండు ముఖాలదైతే బొమ్మా బొరుసే.

దీన్ని నేను ఆడింది జెన్ కాన్‌లో. నేనుండే చికాగో నుంచి ఇండియానాపోలిస్ కారులో మూడు గంటల పైమాట. జెన్ కాన్ 1968లో విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో, ఒక హార్టికల్చరల్ హాల్లో మొదలైంది. పెట్టింది గ్యారీ గైగాక్స్, తర్వాత డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చిన ఇద్దరిలో ఒకడు. 2003 నుంచి ఇండియానాపోలిస్‌లో జరుగుతోంది. ఈ మధ్య నాలుగు రోజుల్లో 70 వేల మందికి పైగా వస్తున్నారు. కన్వెన్షన్ సెంటర్ చాలక పక్కనున్న ఫుట్‌బాల్ స్టేడియం, చుట్టుపక్కల హోటళ్ల హాళ్లు కూడా టేబుళ్లతో నింపేస్తారు.

లోపలికి వెళ్లడానికి బ్యాడ్జ్ వేరు, ఒక్కో ఆటకి టికెట్ వేరు. ఆ టికెట్లు రిలీజ్ అయ్యే రోజు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తిరుమల 300 రూపాయల దర్శనం స్లాట్ కోసం ఫోన్ ముందు కూర్చున్న ప్రతి ఒక్కరికీ ఆ టెన్షన్ తెలుసు. ముందే విష్‌లిస్ట్ పెట్టుకోవాలి, టైమ్ కాగానే బటన్ నొక్కాలి, క్యూలో మన నంబర్ ఎంతో చూసి దేవుణ్ణి తలుచుకోవాలి. నాకు దొరికింది శుక్రవారం రాత్రి 8 నుంచి 12 దాకా స్లాట్. చీకటి ఆటకి అంతకంటే మంచి టైమ్ ఏముంటుంది?

హోటల్ బాల్‌రూమ్. గుండ్రటి టేబుళ్లు, నెత్తి మీద తెల్లటి ట్యూబ్‌లైట్లు, ఏసీ చలి. పక్క టేబుల్ మీద ఎవరో అంతరిక్షంలో షిప్ పోగొట్టుకుని అరుస్తున్నారు. హారర్‌కి పనికొచ్చే వాతావరణం ఒక్కటీ లేదు. మా జీఎం అరవై దాటిన పెద్దాయన. పసుపు పుస్తకం టేబుల్ మీద పెట్టాడు గానీ తెరవలేదు. ఆయన పని కానిచ్చింది రూల్స్ మాత్రమే ఉండే సాదా ప్రింటౌట్‌తో. దానికి నేనూ ఓటేస్తాను. ఆ పుస్తకం చూడ్డానికి అద్భుతం. గులాబీ రంగు మీద నలుపు, నలుపు మీద వెండి, పేజీకో రకం అక్షరాలు. కానీ రాత్రి పదింటికి అందులో ఒక రూల్ వెతకడం, డాక్యుమెంటేషన్ లేని పాత కోడ్‌లో బగ్ వెతకడంతో సమానం.

మేం ఐదుగురం. ఒహాయో నుంచి వచ్చిన నర్సు, ఒక తండ్రి, కాలేజీలో చదివే ఆయన కూతురు, నల్ల టీషర్ట్ వేసుకున్న మెటల్ మ్యూజిక్ పిచ్చోడు, నేను. అంతకు ముందు ఒకరి మొహం ఒకరం చూసింది లేదు, ఆ తండ్రీకూతుళ్లు తప్ప.

క్యారెక్టర్ తయారు చేయడానికి పది నిమిషాలు పట్టింది. ఎందుకంటే మనం ఎంచుకునేది దాదాపు ఏమీ ఉండదు. మూడు డైస్‌లు వేస్తే బలం ఎంతో వస్తుంది, మళ్లీ వేస్తే చురుకుదనం. ఆయుధం, జేబులో ఏముంది, ఒంట్లో ఏ లోపం ఉంది, అన్నీ పాచికలే చెప్తాయి. ఏ కాలేజీ, ఏ బ్రాంచ్, ఏ ఆర్డర్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టాలి అని రాత్రంతా ఎక్సెల్ షీట్లు వేసిన జాతి మనది. వీడియో గేమ్‌లో కూడా 'బెస్ట్ బిల్డ్' యూట్యూబ్‌లో చూశాకే మొదలుపెడతాం. ఇక్కడ ఆ తెలివికి పని లేదు. నాకొచ్చినవాడికి ప్రాణం 2 పాయింట్లు. ఆయుధం తొడ ఎముక. అవును, నిజంగానే ఆయుధాల పట్టికలో మొదటిది అదే.

నర్సుకి ఒక చిన్న కుక్క దొరికింది. చిన్నదే కానీ మహా కోపిష్టి, ఆమె మాట తప్ప ఎవరి మాటా వినదు. తండ్రికి కోతులు దొరికాయి. అవి చెప్పిన మాట వినవు, కానీ ఆయనంటే వాటికి ప్రాణం. ఇవి మా జీఎం కల్పించినవి కావు, రూల్స్‌లోనే ఉన్నాయి. "ఇంట్లో కూడా అంతే," అన్నాడు ఆయన కూతురి వైపు చూస్తూ.

పేరేం పెట్టను? ఆటలో ఉన్న పేర్లన్నీ నోరు తిరగనివే కాబట్టి 'యాదగిరి' అన్నాను. ఎవరూ కనుబొమ్మ ఎత్తలేదు. గాల్గెన్‌బెక్ అనే ఊరి పక్కన యాదగిరి అనే మనిషి ఉంటే వింతేముంది? కూతురు మాత్రం 'యాడ్-గిరీ' అంటూ ఇంగ్లిష్‌లో సాగదీసింది, రాత్రంతా అలాగే పిలిచింది.

ఆట మొదలవ్వక ముందు జీఎం టేబుల్ మధ్యలో ఒక కార్డు పెట్టాడు. దాని మీద పెద్ద ఎక్స్ గుర్తు. కథలో ఏదైనా విషయం భరించలేనిది వస్తే ఆ కార్డు ముట్టుకోండి, కారణం చెప్పక్కర్లేదు, ఆ ముక్క కథలోంచి తీసేసి ముందుకెళ్తాం, అంతే అన్నాడు. దీన్ని ఎక్స్ కార్డ్ అంటారు, జాన్ స్టావ్రోపోలస్ అనే గేమ్ డిజైనర్ తెచ్చిన పద్ధతి. కన్వెన్షన్‌లలో చాలా టేబుళ్ల మీద కనిపిస్తుంది. దీని మీద ఆటగాళ్లలో పెద్ద గొడవే ఉంది. 'చావుల ఆట ఆడటానికొచ్చి భయపడటమేంటి, అంత సున్నితమైతే వేరే ఆట ఆడుకోవచ్చు కదా' అనేది ఒక వర్గం. మా టేబుల్ మీద మెటల్ కుర్రాడు నవ్వాడు కూడా.

మొదటి గంట కామెడీగా గడిచింది. ఇది ఈ ఆటకున్న అసలు ఇబ్బంది అని నా అభిప్రాయం. అంతా పుర్రెలు, రక్తం, చీము అయితే ఏదీ భయపెట్టదు, మీమ్ అయిపోతుంది. యాదగిరి తొడ ఎముక మీద నాలుగు జోకులు పడ్డాయి. జీఎం ఆపలేదు. ఓపిగ్గా కూర్చున్నాడు. ఆయన లెక్క ఇది: లోకంలో అప్పటికే ఐదు అరిష్టాలు వచ్చేశాయి, ఇంకా రెండే మిగిలాయి. రూల్ ప్రకారం తెల్లవారుజామున వేయాల్సిన డైస్‌ని, నాలుగు గంటల ఆట కాబట్టి, గంటకోసారి వేస్తాడు. అదీ బొమ్మా బొరుసు. మొదటి గంటకి 2 పడింది. బతికిపోయాం.

రెండో గంటలో ఒక పాడుబడ్డ మఠంలోకి దిగాం. చీకట్లో బావి. లోపల్నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది అన్నాడు జీఎం.

నర్సు చెయ్యి చాపి కార్డు ముట్టుకుంది. గట్టిగా కాదు, టీ కప్పు పక్కకి జరిపినట్టు.

జీఎం ఒక్క క్షణం కూడా ఆగలేదు. "బావిలో ఏ ఏడుపూ లేదు. నీళ్ల అడుగున ఒక గంట మోగుతోంది. ఎవరూ లాగకుండా," అన్నాడు. నా పక్కన కూతురు జాకెట్ జిప్ పైదాకా లాక్కుంది. నిజం చెప్పాలంటే ఆ గంటే ఎక్కువ భయపెట్టింది. పసిబిడ్డ ఏడుపు వంద సినిమాల్లో విన్నాం, నీళ్ల కింద గంట ఎప్పుడూ వినలేదు. కుర్రాడు మళ్లీ నవ్వలేదు.

ఏమైంది, ఎందుకు అని ఎవరూ అడగలేదు. నాకు కొత్తగా అనిపించింది అక్కడే. మనవైపు ప్రేమంతా ప్రశ్నల్లోనే ఉంటుంది. 'ఏమైందమ్మా, అలా ఉన్నావేంటి, ఎవరైనా ఏమన్నా అన్నారా?' అని పక్కింటి ఆంటీ దాకా అందరూ అడుగుతారు, అడక్కపోతే పట్టించుకోలేదని అర్థం. ఇక్కడ అడక్కపోవడమే పట్టించుకోవడం. మధ్యలో బ్రేక్‌లో కారిడార్‌లో వాటర్ బాటిళ్లు నింపుకుంటూ ఆమె పక్కనే నిలబడ్డాను. కుక్కకి ఏం పేరు పెడితే బాగుంటుందో మాట్లాడుకున్నాం. హాస్పిటల్లో పనిచేసే మనిషి, బావిలో పసిబిడ్డ అంటే ఆమెకి ఏం గుర్తొచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు. ఆమె లేచి వెళ్లిపోలేదు, మిగతా ఆటంతా ఆడింది, అందరికంటే బాగా ఆడింది. ఆ కార్డు లేకపోతే రెండు దారులే ఉండేవి: పళ్లు బిగించి కూర్చోవడం, లేదా ముక్కూమొహం తెలియని నలుగురికి తన బాధ చెప్పుకోవడం.

రెండో గంట చివర డైస్ 1 పడింది. ఆరో అరిష్టం. సూర్యుడు ఇక రాడు అన్నాడు జీఎం. టేబుల్ మీద జోకులు తగ్గాయి. అసలు మార్పు మాత్రం కుక్క వల్ల వచ్చింది. లోకం పోతోందంటే ఎవరికీ పట్టలేదు గానీ, మెట్ల దగ్గర ఆ కుక్క కాలికి దెబ్బ తగిలేసరికి ఐదుగురం కుర్చీల్లో ముందుకి వంగాం. వెలేసిన పూజారి (మెటల్ కుర్రాడు) తన దగ్గరున్న ఒకే ఒక్క మందు దానికి పోసేశాడు. తెలివైన పని కాదు. అరగంట తర్వాత ఆ మందు లేకే అతను పోయాడు.

ఈ ఆటలో చావు ఎలా వస్తుందంటే, ప్రాణం పాయింట్లు సున్నా అయితే నాలుగు ముఖాల డైస్ వేయాలి. 1 పడితే స్పృహ తప్పుతుంది. 2 పడితే ఏ చెయ్యో కాలో కన్నో పోతుంది. 3 పడితే నెత్తురు కారుతూ కాసేపట్లో పోతాం. 4 పడితే అక్కడికక్కడే. సున్నా కంటే కిందకి పోతే డైస్ కూడా అక్కర్లేదు. శత్రువు దెబ్బ తగిలిందో లేదో తేల్చడానికి జీఎం డైస్ వేయడు. వాడు కొట్టినప్పుడు తప్పించుకోవడానికి మనమే వేయాలి. చాలా చిన్న రూలే కానీ దీని ప్రభావం పెద్దది. ఎవరో నన్ను చంపినట్టు ఉండదు. నా చావు నా చేత్తోనే దొర్లుతుంది.

యాదగిరి మూడో గంటలో పోయాడు. వెనక నుంచి ఏదో తరుముకొస్తోంది, తలుపుకి గడియ లేదు, ఎవరో ఒకరు పట్టుకుని నిలబడాలి. రెండు పాయింట్ల ప్రాణం ఉన్నవాడు కంటే తగినవాడు ఎవరు? తొడ ఎముక గడియలా అడ్డం పెట్టి నిలబడతాడు అన్నాను. ఆఫీసులో స్టాండప్ మీటింగ్ ఇంగ్లిష్ నాకు నీళ్లప్రాయం, కానీ ఒక మనిషి చివరి మాటలు ఇంగ్లిష్‌లో అప్పటికప్పుడు ఎలా చెప్పాలో రాలేదు. 'మీరు పదండి' అని తెలుగులోనే అన్నాను. జీఎం తల ఊపాడు, అనువాదం అడగలేదు. డైస్ వేశాను. 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ రావాలి. 3 పడింది.

నా నోట్లోంచి 'అయ్యో' అని వచ్చేసింది. కూతురు ఆ మాట పట్టేసుకుంది. తర్వాత పూజారి పోయినప్పుడు ఆమె 'అయ్యో' అంది. కోతుల్లో ఒకటి పోయినప్పుడు తండ్రీకూతుళ్లిద్దరూ అన్నారు. చివరికి టేబుల్ మొత్తం కోరస్. ఇండియానాపోలిస్‌లో అర్ధరాత్రి నలుగురు అమెరికన్లు ఒక కోతి కోసం 'అయ్యో' అంటుంటే వినడం ఒక అనుభవం.

క్యారెక్టర్ పోతే ఖాళీగా కూర్చోవాలా అని అడుగుతారేమో. అక్కర్లేదు, పది నిమిషాల్లో ఇంకొకడు పుడతాడు. కానీ అప్పటికి గంటే ఉంది, నేను వేసుకోలేదు. కోతుల తరఫున మాట్లాడే బాధ్యత తండ్రి నాకిచ్చాడు. ఇంట్లో ఫ్రెండ్స్‌తో రెండేళ్లు ఆడిన క్యారెక్టర్ పోతే మనసు విరిగిపోతుంది, గొడవలు కూడా అవుతాయి. అందుకే ఇంటి ఆటల్లో జీఎంలు మెల్లగా కాపాడేస్తుంటారు. మనమూ వాణ్ణి దాచుకుంటూ ఆడతాం. ఈ రాత్రికే పుట్టి ఈ రాత్రికే పోయేవాడి దగ్గర దాచుకోవడానికి ఏముంది? మందు కుక్కకి పోసేయొచ్చు. తలుపు దగ్గర నిలబడొచ్చు. మా ఐదుగురిలో ఒక్కరు కూడా చివరి రెండు గంటల్లో తన ప్రాణం కాపాడుకోవడానికి ఆడలేదు. అపరిచితుల కోసం ఆడారు.

కన్వెన్షన్‌కీ చావుల ఆటకీ సంబంధం కొత్తదేం కాదు. 'టూంబ్ ఆఫ్ హారర్స్' అనే పేరుమోసిన సమాధి ఉంది. అడుగడుగునా ఉచ్చులు, ఎంత పెద్ద లెవెల్ హీరో అయినా బయటపడటం కష్టం. గైగాక్స్ దాన్ని 1975లో బాల్టిమోర్‌లో జరిగిన మొదటి ఆరిజిన్స్ కన్వెన్షన్‌లో పోటీగా పెట్టాడు. పుస్తకంగా 1978లో వచ్చింది. అక్కడ ఆట తెలివికి పరీక్ష, ఎవరు ఎంత దూరం వెళ్లారు అనేది లెక్క. మా పరీక్షల సీజన్ గుర్తొచ్చే వ్యవహారం. నాకు మోర్క్ బోర్గ్ తీరే నచ్చుతుంది. ర్యాంకు లేదు, ఎవరూ పాస్ కారు.

పన్నెండు కావస్తుంటే జీఎం ఆఖరి డైస్ కూతురి చేతికిచ్చాడు. అప్పటికి మిగిలింది ఆమె పాత్ర, నర్సు, కుంటుతున్న కుక్క, నా ఒక్క కోతి. 2 పడితే వాళ్లు చీకట్లో ఇంకో రోజు నడుస్తారు. ఆమె వాళ్ల నాన్న వైపు చూసి, వేసింది.

1.

పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూసేంత గట్టిగా అరిచాం. ఓడిపోయిన అరుపు కాదు. జీఎం రెండు వాక్యాల్లో ముగించాడు. ఆకాశం కాగితంలా నల్లబడి ముడుచుకుపోతుంది, కుక్క నర్సు ఒళ్లో తల పెడుతుంది. అంతే. నర్సు కళ్లు తుడుచుకుని క్యారెక్టర్ షీట్ మడిచి బ్యాగ్‌లో పెట్టుకుంది. ఆ కార్డు తీసి జీఎంకి తనే అందించింది.

ఆడాలనుంటే అమెరికా రావాల్సిన పనేం లేదు. రూల్స్ మాత్రమే ఉండే ఎడిషన్ ఆట తయారు చేసినవాళ్లే ఫ్రీ పీడీఎఫ్‌గా ఇస్తున్నారు. నలుగురు చాలు, నాలుగు గంటలు చాలు. డైస్‌లు లేకపోతే గూగుల్‌లో 'రోల్ డైస్' అని కొట్టండి, 20 ముఖాలది కూడా దొర్లుతుంది. తెలుగులో ఆడండి, భయం మన భాషలో బాగా పలుకుతుంది. చందమామలో భేతాళుణ్ణి చదివి పెరిగిన అన్నయ్యో అక్కో ఇంట్లో ఉంటే జీఎం సీటు వాళ్లకివ్వండి. ఎక్స్ కార్డ్ కొనక్కర్లేదు, పెళ్లి కార్డు వెనక స్కెచ్ పెన్నుతో గీసినా పనిచేస్తుంది.